ఒకటిముప్పావులో ఎన్ని అరలు?

మొన్న సంక్రాంతికి నందిగామ వెళ్ళినప్పుడు మా అమ్మాయి లెక్కల పుస్తకం కూడా వెంట తెచ్చుకుంది. ఏడో తరగతి. పాఠం పేరు భిన్నాల భాగహారం. అందులో ఒక లెక్క, 1¾ ÷ ½. చకచకా చేసేసింది. ఏడు బై నాలుగు, రెండోదాన్ని తిరగేస్తే రెండు బై ఒకటి, రెండిటినీ గుణిస్తే ఏడు బై రెండు, అంటే మూడున్నర. జవాబు కరెక్టే. నేను అక్కడితో ఊరుకోవచ్చు కదా. ఊరుకోను. అదే నా జబ్బు.

"ఈ మూడున్నర అంటే ఏంటమ్మా?" అని అడిగా.

"ఏంటంటే ఏముంటుంది నాన్నా, కీప్, చేంజ్, ఫ్లిప్. అంతే."

"మరి భాగిస్తే తగ్గాలి కదా. ఒకటిముప్పావు కాస్తా మూడున్నర ఎలా అయింది?"

కాసేపు పెన్సిల్ కొరికింది. "అదే నాకూ తెలీదు. అందుకే నాకు మేథ్స్ రాదు" అంది.

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. చేసిన లెక్కలన్నిటికీ టిక్కులే ఉన్నాయి. అయినా తనకి లెక్కలు రావని ఆ పిల్లకి ఎలా తెలిసిందంటారు? తను చేస్తున్నదేంటో తనకి తెలియట్లేదని తెలిసింది కాబట్టి! నన్నడిగితే అది లెక్కలు వచ్చిన పిల్ల లక్షణమే. కానీ ఆ మాట చెప్పి తప్పించుకునే వీలు లేకుండా "పోనీ నువ్వు చెప్పు" అంది. ఇరవయ్యేళ్ళుగా కంప్యూటర్ల చేత లెక్కలు చేయించి జీతం తీసుకుంటున్నవాణ్ణి. "రెండు పక్కలా విలోమంతో గుణిస్తే.." అని మొదలెట్టా. రెండో వాక్యానికే దాని కళ్ళు టీవీ వైపు తిరిగాయి. నిజం చెప్పొద్దూ, ఎందుకు తిరగెయ్యాలో నాకూ గట్టిగా తెలీదు. ఏడో తరగతిలో నేనూ బట్టీ కొట్టినవాణ్ణే.

వంటింట్లో అన్నానికి బియ్యం కొలుస్తున్న మా అమ్మ ఇదంతా వింటోంది. చేతిలో ఇత్తడి సోల. "మనిషికి అరసోల బియ్యం పోస్తాం. డబ్బాలో ఒకటిముప్పావు సోల ఉన్నాయి. ఎంతమందికి వస్తాయే?" అంది.

పిల్ల లేచి వెళ్ళింది. సోలకి నాలుగు గిద్దెలు. నాన్నమ్మా మనవరాలూ గిద్దెతో కొలుచుకుంటూ ఒక్కొక్కరికి రెండేసి గిద్దెలు పళ్ళెంలో కుప్పలు పెట్టారు. మూడు కుప్పలయ్యాయి. ఒక గిద్దె మిగిలింది.

"మూడుం పావు" అంది పిల్ల. "పుస్తకంలో మూడున్నర అని ఉంది. పుస్తకం తప్పు!"

నాకు భలే సంతోషమేసింది. ఎందుకంటే ఇది చాలా మంచి తప్పు. మిగిలిన గిద్దె సోలలో పావే, అనుమానం లేదు. కానీ మనం సోలలు లెక్కపెట్టట్లేదు కదా, కుప్పలు లెక్కపెడుతున్నాం. కుప్పకి రెండు గిద్దెలైతే, ఒక గిద్దె అంటే అరకుప్ప. అందుకని మూడున్నర. ఇదంతా నేను వివరించేలోపు మా అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది: "మూడు మందికి నిండా వస్తాయి, నాలుగో మనిషికి సగమే వస్తాయి. మూడున్నర మంది."

"సగం మనిషి ఎవరు నాన్నమ్మా?"

"నువ్వే. రోజూ సగం వదిలేస్తావుగా."

భాగిస్తే తగ్గాలి కదా అన్న సందేహం కూడా అక్కడితో పోయింది. పెద్ద సోలతో కొలిస్తే తక్కువసార్లు, చిన్న గిద్దెతో కొలిస్తే ఎక్కువసార్లు. కొలపాత్ర చిన్నదయ్యే కొద్దీ లెక్క పెరుగుతుంది. ఇందులో మంత్రం ఏముంది?

మా అమ్మ చదివింది ఐదో తరగతి. ఆ సోలా గిద్దే ఆవిడ అత్తగారివి, అంటే మా నాన్నమ్మవి. ఆవిడ అసలు బడి మొహమే చూడలేదు. ఇంట్లో అందరూ ఆవిడని "చదువు రానిది" అనేవాళ్ళు. నేనూ అన్నాననుకుంటా. భిన్నాల భాగహారం రోజుకు రెండు పూటలా చేసిన మనిషిని!

సరే, ఈ సంగతి బుర్రలో తిరుగుతూనే ఉంది. తిరిగొచ్చాక కాస్త తవ్వితే చాలా విషయాలు బయటపడ్డాయి.

మన పాత కొలతలు గుర్తున్నాయా? నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, అంటే నాలుగు సోలలు ఒక మానిక. నాలుగు మానికలు కుంచం. నాలుగు కుంచాలు తూము. (ఇరవై తూములు పుట్టి అనుకోండి, అక్కడ వరస తప్పుతుంది. ఊరూరికీ తేడాలు కూడా ఉండేవి.) అంటే తూములో కుంచం పావు, మానిక పదహారో వంతు, సోల 64వ వంతు, గిద్దె 256వ వంతు. అంతా నాలుగుల వరసే. డబ్బూ అంతే. రూపాయిలో పావలా నాలుగో వంతు, అణా పదహారో వంతు, కానీ 64వ వంతు. పదహారో వంతుకి వీసం అని పేరు. "వీసమెత్తు" అని ఇప్పటికీ అంటాం, అది ఒక భిన్నం పేరని మర్చిపోయి.

ఈ నాలుగుల భిన్నాలు రాయడానికి తెలుగులో ప్రత్యేకంగా అంకెలే ఉండేవి. 2008లో యూనీకోడ్ 5.1 వచ్చినప్పుడు ఆ భిన్నపు అంకెల్నీ, తూము గుర్తునీ మన తెలుగు పట్టికలో చేర్చారు. మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇంకో ముచ్చట. పావు, వీసం, 64వ వంతు.. ఇవన్నీ కంప్యూటర్ లోపలి రెండుల లెక్కలో పొల్లుపోకుండా ఇముడుతాయి. పదో వంతు ఇమడదు. అందుకే చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.1కి 0.2 కలిపి 0.3తో సమానమా అని అడిగితే కాదు పొమ్మంటుంది. మా నాన్నమ్మ గిద్దెతో ఆ గొడవ రాదు :)

బడిలో ఇవి ఎలా నేర్పేవారో చెప్పే సాక్ష్యం ఒకటుంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు అని కలెక్టర్ల నుంచి లెక్కలు అడిగాడు. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన జవాబు వాటిల్లో పేరుపడ్డది. అప్పటి బళ్ళారి జిల్లాలో ఇప్పటి అనంతపురం వైపు కూడా చాలా ఉండేది. మొత్తం 533 బడులు, అందులో 226 తెలుగు బడులు. పిల్లలకి భిన్నాలు నేర్పడానికి ఆ బడుల్లో చాలా శ్రమ తీసుకుంటారనీ, ఆ భిన్నాలు పదుల వరసలో కాక నాలుగుల వరసలో చాలా లోతుకి దిగుతాయనీ ఆయన రాశాడు. రోజుకి రెండుసార్లు పిల్లల్ని వరసగా నిలబెట్టి ఎక్కాలూ, భిన్నాలూ, కొలతల పట్టికలూ వల్లె వేయించేవారట.

ఇది చదవగానే "ఆహా, మన పూర్వీకులు!" అని ఛాతీ విరుచుకోబోయేవాళ్ళు కాస్త ఆగండి. అదే నివేదికలో పిల్లలు పాఠాలు అర్థం తెలియకుండా వల్లిస్తున్నారన్న ఫిర్యాదు కూడా ఉంది. ఆరువేల ఆరొందల పైచిలుకు పిల్లల్లో ఆడపిల్లలు 60 మంది. బట్టీ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. తేడా ఏంటంటే, అప్పుడు బడిలో బట్టీ పట్టింది ఇంటికెళ్ళేసరికి వంటింట్లో, కొట్లో, కళ్ళంలో కనిపించేది. బడికి వెళ్ళని మా నాన్నమ్మలాంటి వాళ్ళకి పట్టిక లేకపోయినా పాత్ర ఉండేది. ఇప్పుడు బట్టీ మాత్రం మిగిలింది, పాత్ర పోయింది.

మరి ఈ తిరగేసే సూత్రం ఎవరు కనిపెట్టారు? ఇంగ్లీషు చదువుతో వచ్చిందనుకునేవాణ్ణి. కాదు. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన గ్రంథంలోనే ఉంది. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుడి కాలంలో, సుమారు 850లో, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రాశాడు. అందులో భిన్నాలకే ఒక అధ్యాయం ఇచ్చాడు. భాజకంలో హారాన్ని లవంగా, లవాన్ని హారంగా మార్చి, ఆపైన గుణకారంలాగే చెయ్యమన్నాడు. అచ్చంగా మా అమ్మాయి చేసిందే. 1912లో మద్రాసులో రంగాచార్య గారు ఈ గ్రంథాన్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాకే ప్రపంచానికి బాగా తెలిసింది.

అయితే ఆయన సూత్రం చెప్పి చేతులు దులుపుకోలేదు. వెంటనే బజారుకి తీసుకెళ్ళాడు. గుణకారానికి శొంఠి, మిరియాల లెక్కలు. భాగహారానికి ఇంగువ లెక్క: అరపలం ఇంగువ ముప్పావు పణం అయితే, పలం ఇంగువ ఎంత? ముప్పావుని అరతో భాగించాలి. ఒకటిన్నర పణం. కానీ నిజంగా ఎవరైనా భాగిస్తారా? అరపలానికి ముప్పావైతే, పలానికి దానికి రెట్టింపు. ఆ రెట్టింపు చెయ్యడమే అరని తిరగేసి రెండు చెయ్యడం! తిరగేసే సూత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ చిటికెడు ఇంగువలో ఉంది.

గమనించారా, ఇది మా అమ్మ అడిగిన ప్రశ్న కాదు. మా అమ్మది "ఎన్నిసార్లు వస్తుంది" అనే ప్రశ్న. మహావీరుడిది "ఒక్కటికి ఎంత" అనే ప్రశ్న. భాగహారానికి ఈ రెండు ముఖాలూ ఉన్నాయి. మా అమ్మాయి పుస్తకంలో మాత్రం భాగించు అనే గుర్తు ఒక్కటే ఉంది, ఏ ముఖమూ లేదు.

మహావీరుడి గ్రంథాన్ని తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. రాజరాజ నరేంద్రుడి కాలంవాడని, అంటే 11వ శతాబ్దంవాడని ఎక్కువమంది పండితులు చెప్పే మాట. అంటే నన్నయ భారతం తెలుగు చేస్తున్న రోజుల్లోనే ఇంకొకాయన లెక్కలు తెలుగు చేస్తున్నాడన్నమాట. సార సంగ్రహ గణితం అని దాని పేరు, జనం పావులూరి గణితం అన్నారు. మక్కీకి మక్కీ అనువాదం కాదు, తనవాళ్ళకి తగ్గట్టు మార్చుకుంటూ పద్యాల్లో రాశాడు. నన్నయ గురించి బడిలో పరీక్ష రాశాం. మల్లన పేరు నేను విన్నది ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకి. ఇంటిపేరులోనే పావు ఉన్న మనిషిని భిన్నాల పాఠంలో ఒక్కసారైనా తలుచుకోకపోవడం అన్యాయం కాదూ?

ఇక మా ఊరి సంగతి. మా తాతయ్యది జగ్గయ్యపేట. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గన్న పేరు మీద వెలిసిన పేట అది. పేట అంటేనే బజారు. 1948 వరకూ అది సరిహద్దు బజారు కూడా. తూర్పున బ్రిటిష్ వాళ్ళ కృష్ణా జిల్లా, పడమటి వైపు కోదాడ నుంచి నిజాం రాజ్యం. మునగాల పరగణా అయితే మరీ తమాషా. చుట్టూ నిజాం రాజ్యం, అది మాత్రం మన నందిగామ తాలూకా. తర్వాతెప్పుడో నల్గొండ జిల్లాలో కలిపారు.

రెండు రాజ్యాలకి రెండు రూపాయలు. నిజాం రూపాయి హాలీ, బ్రిటిష్ రూపాయి కల్దార్. మారకం ఏడు హాలీలకి ఆరు కల్దార్లు. సర్కారు లెక్కలో వంద కల్దార్లకి 116 రూపాయల 10 అణాల 8 పైసలు హాలీ అని ఉండేది. వేసి చూడండి, సరిగ్గా ఏడుకి ఆరే.

మా తాతయ్య కుర్రతనంలో ఒక కొట్లో గుమాస్తా. నా చిన్నప్పుడు నన్ను కూర్చోబెట్టి అడిగేవాడు: "ఒరేయ్, సరుకు ఖరీదు మూడు కల్దార్లు. కోదాడ నుంచి వచ్చినాయన దగ్గర హాలీలే ఉన్నాయి. ఎన్ని తీసుకుంటావు?" హాలీ అంటే కల్దారులో ఏడింట ఆరు వంతులు. మూడుని ఏడింట ఆరుతో భాగించాలి. పొరపాటున గుణించావంటే రెండున్నర హాలీలు, పైన కాస్త చిల్లర వస్తుంది. అంతకే సరుకిచ్చేస్తే కొట్టుకి దాదాపు పదిహేను అణాలు బొక్క, సాయంత్రానికి గుమాస్తా ఉద్యోగం హుళక్కి. తాతయ్య లెక్క ఇంకోలా ఉండేది. "ఆరుకి ఏడు. ఆరులో సగం మూడు. ఏడులో సగం మూడున్నర. అంతే." తిరగెయ్యడం లేదు, కొట్టివేతలు లేవు. అప్పుడు నాకది ముసలాయన చాదస్తంలా అనిపించేది. భిన్నాల భాగహారం నేర్పుతున్నాడని ఇప్పుడు తెలిసింది, చెప్పడానికి ఆయన లేడు.

తర్వాత అన్నీ మారాయి. హాలీ 1950లలో చెలామణీ నుంచి పోయింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. రూపాయికి వంద. పావలా ఇరవై ఐదుగా బతికిపోయింది గానీ, అణా ఆరుంపావు నయాపైసలయ్యి చిల్లర తగాదాలు తెచ్చింది. 1956 చట్టంతో, 1958 నుంచి దశలవారీగా కిలోలు, లీటర్లు వచ్చాయి. ఇది మంచి పనే. ఊరికో మానిక, కొట్టుకో కుంచం ఉన్న చోట మోసపోయేది కొనే రైతుకూలీయే. పాత కొలతలు మళ్ళీ తెమ్మని నేననట్లేదు. నా గోడంతా ఒకటే. పాత్రలు మార్చినప్పుడు పాఠం కూడా మార్చాల్సింది. తిరగేసే సూత్రాన్ని మాత్రం ఉంచుకుని, అది పుట్టిన ఇంగువ కొట్టుని మూసేశారు.

ఈ జబ్బు మనకొక్కరికే కాదులెండి. లిపింగ్ మా అనే పరిశోధకురాలు 1999లో వచ్చిన తన పుస్తకంలో అమెరికా, చైనా టీచర్లని పోల్చింది. వాళ్ళకిచ్చిన లెక్క ఏంటో తెలుసా? ఒకటిముప్పావుని అరతో భాగించమని! చేసి, దానికి సరిపోయే కథ ఒకటి చెప్పమంది. చైనాలో 72 మందీ సరిగ్గా చేశారు, 65 మంది సరైన కథ చెప్పారు. అమెరికాలో 23 మందిలో పూర్తిగా సరైన జవాబు తెచ్చినవాళ్ళు 9 మంది, అర్థానికి సరిపోయే కథ చెప్పింది ఒక్కరు. చాలామంది అరతో భాగించమంటే ఇద్దరికి సగం సగం పంచే కథ చెప్పారు. అది రెండుతో భాగించడం.

తెలుగులోనూ ఇదే గుంట ఉంది. "సగం చెయ్యి", "సగంతో భాగించు".. చెవికి రెండూ ఒకటే. ఒకదానికి జవాబు ముప్పావు దాటి కొంచెం, రెండోదానికి మూడున్నర. మాటలో ఉన్న ఈ గుంటని దాటించాల్సింది కథే. సూత్రం దాటించలేదు.

అందుకని టీచర్లకి, అమ్మానాన్నలకి నా మనవి. కథ అంటే పిజ్జా ముక్కలే కానక్కర్లేదు. జగ్గయ్యపేట పిల్లలకి గరికపాడు దాటితే చాలు లెక్క దొరుకుతుంది. ఇవతల ఎకరానికి నూరు సెంట్లు, అవతల తెలంగాణలో నలభై కుంటలు. కుంట అంటే రెండున్నర సెంట్లు. నలభై సెంట్ల స్థలం ఎన్ని కుంటలు? పదహారు. ముప్పావు గంటలో ఎకరంలో సగం దున్నే ట్రాక్టరు ఎకరానికి ఎంతసేపు పడుతుంది? ఇది మహావీరుడి ఇంగువ లెక్కే, గంటన్నర. కృష్ణా జిల్లాలో ఉన్న మా వైపు కాస్తా 2022లో ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ, లెక్కలు మారలేదు.

ఇంకో చిన్న చిట్కా, నాకు పనిచేసింది. లెక్క చేయించకండి, లెక్కకి కథ చెప్పమనండి. కథ చెప్పగలిగితే లెక్క వచ్చినట్టే.

హైదరాబాదు తిరిగొచ్చే రోజు మా అమ్మాయి కారెక్కుతూ నన్నే అడిగింది. "నాన్నా, నాన్నమ్మ రెండుంపావు కిలోల అరిసెలు కట్టింది. రోజుకి ముప్పావు కిలో తింటే ఎన్నాళ్ళొస్తాయి?"

వేళ్ళ మీద లెక్కేసుకుని "మూడు రోజులు" అన్నా.

"తిరగేశావా, కొలిచావా?"

కొలిచానన్నాను. ఎన్నాళ్ళొచ్చాయో మాత్రం అడక్కండి. రెండో రోజు రాత్రికే డబ్బా ఖాళీ.